చర్చిది ఏది, ఇంటిది ఏది: రేగడి పల్లెల్లో అయ్యగారి సంసారం

ఉమ్మడి కర్నూలు, కడప, అనంతపురం జిల్లాలకు సముద్రం లేదు. అయినా ఇక్కడ దీవులు ఉన్నాయి. కోవెలకుంట్ల చుట్టుపక్కల, జమ్మలమడుగు అవతల నల్లరేగడి మధ్యలో ఉన్న ఊళ్ళు రెండు గట్టి వానలు పడితే చాలు, బయటి లోకానికి దూరమైపోతాయి. రేగడి తడిస్తే కాలికి బంకలా పట్టుకుంటుంది. మోటారుసైకిల్ వంద గజాలు పోకముందే మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య మట్టి ఇరుక్కుని చక్రం బిగుసుకుంటుంది. కుందూ పొంగితే కాజ్‌వేలు మునుగుతాయి. 2021 నవంబరులో పాపాఘ్ని ఉధృతికి కమలాపురం దగ్గర పెద్ద వంతెనే కూలింది, ఇక వంకల మీద వేసిన తూముల సంగతి చెప్పనక్కరలేదు. అలాంటి ఊళ్ళో బడి పంతులు పాత తాలూకా కేంద్రంలో కాపురం పెట్టి బస్సు దొరికినప్పుడు వచ్చిపోవచ్చు, నర్సు వారానికి రెండు రోజులు రావచ్చు. భార్యాపిల్లలతో ఊళ్ళోనే ఉండి తీరవలసిన ఉద్యోగి ఒక్కరే, చర్చి పాస్టరు. ఊరివాళ్ళ మాటలో అయ్యగారు.

కతోలిక సంఘంలో ఫాదర్‌కు సంసారం ఉండదు కనుక ఈ చర్చ అక్కడ పుట్టదు. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), బాప్టిస్టు, ఇతర ప్రొటెస్టెంటు సంఘాల్లో మాత్రం పల్లె పరిచర్య అంటే ఒక మనిషి పని కాదు, ఒక ఇంటి పని. అయ్యగారికి జీతం ఉంటుంది, అమ్మగారికి పని ఉంటుంది. ఆ ఇల్లు నిలబడటానికీ చెదరడానికీ పేదరికం అసలు కారణమని చాలామంది అనుకుంటారు. దగ్గరగా చూస్తే కారణం వేరు. ఏది చర్చిది, ఏది ఇంటిది అన్న గీత ఎక్కడా గీయకపోవడమే ఈ ఇళ్ళను నలిపేస్తుంది. బియ్యం మొదలు పిల్లల చదువు దాకా, తలుపు గడియ మొదలు చివరికి తల దాచుకునే చోటు దాకా అదే తంటా.

ఈ తంటాకు పాత వేళ్ళున్నాయి. లండన్ మిషన్ కడపకు 1822లో వచ్చింది. ఆంగ్లికన్లదైన ఎస్.పి.జి. మిషన్ ముత్యాలపాడు, కలసపాడు కేంద్రాలుగా పని పెంచింది. 1876-78 నాటి ధాత కరువులో, ఆ తర్వాతా మాలపల్లెలు, మాదిగపల్లెలు కుటుంబాలకు కుటుంబాలుగా చర్చిలో చేరాయి. ఊరూరా చర్చి వెలిసింది గానీ ఊరికో అయ్యగారిని పెట్టే శక్తి ఏ మిషన్‌కూ లేదు. అందుకే ఊరికో ఉపదేశి (అభిషేకం లేని బోధకుడు), పదీ పన్నెండు ఊళ్ళకు ఒక అయ్యగారు అన్న ఏర్పాటు పుట్టింది. ఆ ఊళ్ళ గుంపునే పాస్టరేట్ అంటారు, పాత కాగితాల్లో గురుమండలం. దోర్నకల్ బిషప్‌గా 1912లో అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య ఈ సంగతి ముందే పసిగట్టారు. పల్లెకు పంపే ఉపదేశులకు భార్యలతో కలిపి శిక్షణ ఇప్పించారు. చదవడం రాయడం, శుభ్రత, పిల్లల పెంపకం ఆ భార్యలకు నేర్పించిన పాఠాలు. పని చేయబోయేది ఇద్దరూ అయినప్పుడు నేర్పవలసిందీ ఇద్దరికీ అన్న ఆ తెలివి తర్వాతి కాలంలో పలచబడింది. ఇవాళ హైదరాబాదులోని వేదాంత కళాశాలలో అయ్యగారు బి.డి. అనే వేదాంత పట్టా చదివి వస్తారు. ఆయన్ని పెళ్ళాడిన అమ్మాయికి ఆమె మోయబోయే పని ఏమిటో చెప్పేవాళ్ళు అరుదు.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు లండన్ మిషన్ సంఘాలు అందులో చేరాయి, 1950 నుంచి కడప కేంద్రంగా రాయలసీమ డయాసిస్ (ఒక బిషప్ ఏలుబడిలోని చర్చిల ప్రాంతం) కింద ఉన్నాయి. నంద్యాల వైపు ఆంగ్లికన్ సంఘాల్లో ఎక్కువ భాగం అప్పుడు చేరలేదు, 1970లలో గానీ కలవలేదు. ఈ తేడా వల్ల పక్కపక్క మండలాల్లోనే ఆరాధన క్రమం, రిజిస్టర్ల పద్ధతి కొంచెం వేరుగా కనిపిస్తాయి. ఇంటి బాధలు మాత్రం ఒకటే.

ఆదివారం లెక్క

పన్నెండు ఊళ్ళ పాస్టరేట్‌ను తీసుకుందాం. ప్రభురాత్రి భోజనం, అంటే ఏసు చివరి విందు గుర్తుగా పంచే రొట్టె, ద్రాక్షరసం (ఊరి మాటలో బల్ల), ఇవ్వడానికి అభిషేకం పొందిన ప్రెస్బిటరే, అంటే అయ్యగారే కావాలి, ఉపదేశికి ఆ అధికారం లేదు. ఉదయం ఏడుకు ఒక ఊరు, పదిన్నరకు రెండో ఊరు, రాత్రి ఏడున్నరకు మూడో ఊరు చొప్పున తిరిగితే నాలుగు ఆదివారాలకు ఒక చుట్టు పూర్తవుతుంది. అంటే ప్రతి ఊరికీ నెలకొక్కసారి బల్ల. ఐదో ఆదివారం వచ్చిన నెల మాత్రమే ఊపిరి. రాత్రి ఆరాధన ఏడున్నరకు అని పట్టికలో రాసినా, కూలికి పోయినవాళ్ళు వచ్చి, స్నానాలు చేసి, వంట దించేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. అయ్యగారు ఇల్లు చేరేది పదకొండుకు.

ఆదివారానికి అరవై కిలోమీటర్లు, వారం మధ్యలో మూడు రోజులు కుటుంబ ప్రార్థనలకూ రోగుల దగ్గరకూ నలభై చొప్పున తిరిగితే వారానికి నూట ఎనభై, నెలకు ఏడు వందల ఇరవై కిలోమీటర్లు. లీటరుకు నలభై ఐదు ఇచ్చే బండికి పదహారు లీటర్లు కావాలి. లీటరు 110 రూపాయలనుకుంటే పెట్రోలుకే 1,760. పల్లె మట్టిదారుల్లో చైను, స్ప్రాకెట్, టైర్లు పట్నంలో కన్నా ముందే అరుగుతాయి, వాటికి నెలకు కనీసం అయిదు వందలు పక్కన పెట్టాలి. పెట్రోలు అలవెన్సు అని కమిటీ తీర్మానించే మొత్తం సాధారణంగా ఇందులో సగం ఉంటుంది. మిగతా సగం పాల డబ్బుల్లోంచి పోతుంది. ఇదే మొదటి గీత. బండి ఖర్చు జీతంలో భాగమా, చర్చి ఖర్చా అన్నది చేరిన మొదటి కమిటీ మీటింగులోనే తీర్మాన పుస్తకంలో రాయించుకోవాలి. ఆరు నెలల తర్వాత అడిగితే అది హక్కులా వినపడదు, ఆశలా వినపడుతుంది.

బల్లకు కావలసిన ద్రాక్షరసం చాలా ఊళ్ళలో అమ్మగారి వంటింట్లోనే తయారవుతుంది. కిలో నల్లద్రాక్ష కడిగి, అర గ్లాసు నీళ్ళతో సన్నమంట మీద పది పదిహేను నిమిషాలు ఉడికించి, మెదిపి, పలచటి గుడ్డలో వడకట్టి, రెండు వందల గ్రాముల చక్కెర వేసి ఇంకో పొంగు రానిచ్చి, వేడినీళ్ళలో మరగబెట్టి ఆరబెట్టిన సీసాలో పోస్తారు. చిన్న గ్లాసుకు పది మిల్లీలీటర్ల చొప్పున ఎనభై మందికి ముప్పావు లీటరు పైచిలుకు కావాలి. ద్రాక్ష దొరకని నెలల్లో పావుకిలో నల్ల కిస్‌మిస్‌ను లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి సగానికి మరిగిస్తారు. శనివారం మధ్యాహ్నం కరెంటు పోయి రాత్రికి గానీ రాకపోతే ఏప్రిల్ ఎండకు ఫ్రిజ్‌లోదైనా పులిసే ప్రమాదం ఉంది. మూత తీయగానే బుస్సుమని నురగ వచ్చిందంటే అది ఇక బల్లకు పనికిరాదు. అందుకే వేసవిలో ముందు రోజు చేసిపెట్టుకోకుండా ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి వెలిగిస్తారు. ఈ గ్యాసు, ఈ చక్కెర, ఈ నిద్ర ఏ పద్దులోనూ ఎక్కవు.

పిడికెడు బియ్యం

పల్లె క్రైస్తవ స్త్రీలకు ఒక పాత అలవాటు ఉంది. అన్నం వండటానికి బియ్యం కొలిచినప్పుడల్లా దేవుని పేరట ఒక పిడికెడు వేరే కుండలో వేస్తారు. నెలాఖరుకు స్త్రీల సమాజం కూటంలో వాటిని పోగుచేస్తారు. పిడికెడు యాభై గ్రాములనుకుంటే నెలకు ఇంటికి కిలోన్నర, నలభై ఇళ్ళకు అరవై కిలోలు. నలుగురున్న ఇంటికి నెలకు నలభై ఐదు కిలోలు చాలు. కానీ పాస్టరు ఇంట్లో విస్తరి ఎప్పుడూ నలుగురికే పడదు. పెళ్ళి మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళు, ఆసుపత్రికి పోతూ దిగినవాళ్ళు, తాగి కొట్టే మొగుడి నుంచి పారిపోయి వచ్చిన ఆడమనిషి, అందరూ ఆ పొయ్యి మీదనే తింటారు. అరవై కిలోలు అక్కడికి సరిగ్గా సరిపోతాయి.

ఆ కుండలో రేషన్ బియ్యం, సోనా మసూరి, నూకలు, పాతవీ కొత్తవీ అన్నీ కలిసి వస్తాయి. ఒకే డ్రమ్ములో పోస్తే అన్నం ఒక గింజ మెత్తగా, ఒక గింజ పలుకుగా ఉడుకుతుంది. అనుభవమున్న అమ్మగార్లు వచ్చిన రోజే జల్లించి విడదీస్తారు. రేషన్ బియ్యం దోసెలకూ పిండికీ, సోనా అన్నానికీ, నూకలు సంగటిలోకీ. పురుగు పట్టినవి నీడలో చాపమీద పరచి, ఎండిన వేపాకు వేసి నిల్వ చేస్తారు. ఎర్రటి ఎండలో పోస్తే గింజ విరిగి అన్నీ నూకలవుతాయి.

అసలు చిక్కు బియ్యంలో లేదు. ఈ బియ్యం అయ్యగారికా, చర్చికా? కొన్ని ఊళ్ళలో వేలం వేసి డబ్బు చర్చి పెట్టెలో వేస్తారు, కొన్ని ఊళ్ళలో నేరుగా పాస్టరు ఇంటికి చేరుస్తారు. పాత అయ్యగారి కాలంలో ఇంటికి చేరినవి, కొత్త ట్రెజరర్ రాగానే వేలానికి పోతాయి. కొత్తగా వచ్చిన అమ్మగారు తెలియక కుండ ఇంట్లో దించుకుంటే ‘చర్చి బియ్యం తిన్నారు’ అన్న మాట పుడుతుంది. ఆ మాట ఒకసారి పుట్టిందంటే ఆ కుటుంబం ఊరు వదిలే దాకా వెంట వస్తుంది. కోతపండుగ కానుకలూ అంతే. శనగల మూట, గుమ్మడికాయ, పుంజు వేలంలో పాడినవాళ్ళు అక్కడికక్కడ డబ్బు కట్టరు, పత్తి అమ్మాక ఇస్తామంటారు. ఆ బాకీల జాబితా ట్రెజరర్ దగ్గర ఉండాలి తప్ప అమ్మగారి దగ్గర ఉండకూడదు. వసూలు అడిగే మనిషీ, కష్టంలో ఓదార్చే మనిషీ ఒక్కరే అయితే రెండో పని చెడుతుంది.

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు ఇంకో కష్టం. పంట లేని ఏడు జనవరి నాటికి ఇళ్ళకు తాళాలు పడతాయి. మిరపకాయ కోతకు గుంటూరు వైపు కుటుంబాలకు కుటుంబాలే తరలిపోతాయి, దాన్ని సుగ్గికి పోవడం అంటారు. చర్చిలో మిగిలేది ముసలివాళ్ళు, వాళ్ళ దగ్గర వదిలిన పిల్లలు. కానుక పెట్టె ఖాళీ, పిడికెడు కుండ ఖాళీ. పాస్టరేట్ నుంచి డయాసిస్‌కు కట్టవలసిన అసెస్‌మెంట్ (వాటా సొమ్ము) మాత్రం తగ్గదు, బకాయి పడితే జీతం ఆలస్యమవుతుంది. సరిగ్గా అదే నెలల్లో తల్లిదండ్రులు దగ్గర లేని పిల్లలు సాయంత్రమైతే పాస్టరు ఇంటి వసారాలో చేరతారు. రాబడి అడుగంటినప్పుడే ఖర్చు పెరుగుతుందన్నది ఈ ప్రాంతపు పాస్టరు ఇంటి బడ్జెట్‌కు మూలసూత్రం. కాబట్టి శనగ, పత్తి చేతికొచ్చిన నెలల కానుకలోంచే జనవరి నుంచి ఏప్రిల్ దాకా సరిపోయే అసెస్‌మెంట్‌ను ముందుగా పక్కన పెట్టే కమిటీయే అయ్యగారి ఇంటిని కాపాడుతుంది.

రాష్ట్ర ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ప్రకటించింది. అది నెలనెలా రాదు, చాలా నెలలది ఒకేసారి పడుతుంది. దాన్ని నెల ఖర్చులో లెక్కవేసుకున్న ఇల్లు అప్పులో పడుతుంది. వచ్చినప్పుడు పిల్లల ఫీజుకో, పాత బాకీకో వాడుకునే డబ్బుగానే చూడాలి. ఇక అప్పు విషయానికొస్తే, నూటికి రెండు రూపాయల వడ్డీ ఈ జిల్లాల్లో మామూలు మాట, అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. వడ్డీ కన్నా ప్రమాదం అప్పిచ్చిన మనిషి. సంఘంలోని అంగడాయన దగ్గర ఖాతా పెరిగితే, రేపు ఆయన కొడుకు పెళ్ళికి అమ్మాయి వయసు పద్దెనిమిది నిండలేదని తెలిసినా అయ్యగారి గొంతు పెగలదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్ళి ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపలే జరగాలి. రాత్రి ముహూర్తం కావాలని పట్టుబట్టే పెద్దమనిషికి బాకీ ఉన్న పాస్టరు ఎలా కాదంటాడు? అందుకే సరుకులు ఊళ్ళో కాకుండా సంత ఊళ్ళో నగదుకు కొనడం, కొంచెం ఎక్కువ నడిచినా, మంచిది. పొదుపు సంఘంలో అమ్మగారు చేరవచ్చు గానీ లీడరుగా ఉండకూడదు, గ్రూపు లోను మధ్యలో ఉండగా బదిలీ వస్తే మిగతా తొమ్మిది మందీ చిక్కుల్లో పడతారు.

తలుపు లేని ఇల్లు

పాత మిషన్ బంగళా దక్కిన కుటుంబాలకు మందపాటి గోడలు, ఎత్తైన కప్పు, కడప బండల నేల ఉంటాయి, చల్లగా ఉంటుంది. దక్కనివాళ్ళకు చర్చి వెనక రెండు గదుల మిద్దె. చవుడు మిద్దె అయితే తొలకరికి ముందు కొత్త చవుడు తెచ్చి పరచి, తొక్కి, నీరు జారే వాలు సరిచేయాలి. ఆ పని మేలోనే అయిపోవాలి. జూన్‌లో కమిటీ తీర్మానించి జూలైలో కూలీలను పిలిస్తే ఆ ఏడాది పుస్తకాలు తడుస్తాయి. చెదలు ఇంకా ఘోరం. పోయేవి మామూలు పుస్తకాలు కావు, బాప్తిస్మపు రిజిస్టరు, పెళ్ళి రిజిస్టరు, సమాధి రిజిస్టరు. పుట్టిన తేదీకి ఇంకో ఆధారం లేని ముసలివాళ్ళ పింఛను ఆ పుటల మీద ఆధారపడవచ్చు. గోడకు ఆనించిన చెక్క బీరువాలో పెట్టకూడదు. ఇనుప పెట్టెలో, నాలుగు ఇటుకల మీద, గోడకు జానెడు దూరంలో ఉంచి, ఏడాదికోసారి ప్రతి పుటా ఫోటో తీసి ఇంకో ఊళ్ళో ఉన్న కమిటీ సభ్యుడి దగ్గర కూడా దాచాలి.

నీళ్ళ గురించి ఒక మాట. అనంతపురం, కడప జిల్లాల్లో చాలా బోర్లలో ఫ్లోరైడు ఎక్కువ. కాచి తాగితే సరిపోతుందని పట్నం నుంచి వచ్చిన అమ్మగార్లు అనుకుంటారు. కాచితే నీరు ఆవిరై ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది తప్ప తగ్గదు. పాల పళ్ళు ఊడి కొత్తవి వచ్చే వయసు పిల్లలున్న ఇంట్లో తాగడానికీ వంటకూ ఆర్.ఓ. ప్లాంటు క్యాను నీళ్ళే వాడాలి. నలుగురికీ, వచ్చేపోయేవాళ్ళకూ కలిపి రోజుకో ఇరవై లీటర్ల క్యాను అవుతుంది. వాన పడి క్యాన్ల ఆటో రాని వారానికి ఏడు క్యాన్లు నిల్వ ఉండాలి.

ఇంటికి గోడలున్నా తలుపు ఉన్నట్టు కాదు. పాస్టరు ఇల్లంటే ఎవరైనా ఎప్పుడైనా రావచ్చునన్నది ఊరి నమ్మకం, అది మంచి నమ్మకమే. కానీ వసారా దాటి లోపలి గదిలోకి, వంటింట్లోకి, బట్టల పెట్టె దాకా వచ్చే చనువు ఇంటి ఆడవాళ్ళకు ఊపిరాడనివ్వదు. దీనికి పనికొచ్చే ఉపాయం చిన్నదే. వసారాలో రెండు బెంచీలు, ఒక కుండ నీళ్ళు, ఒక గ్లాసు, ఒక ఫ్యాను ఎప్పుడూ సిద్ధంగా ఉంచడం. కూర్చునే చోటు బయట సౌకర్యంగా ఉంటే మనుషులు లోపలికి రారు. వసారా లేని ఇంటికి రేకుల పంచ వేయించమని మొదటి ఏడాదే అడగాలి, రంగులు ఆ తర్వాత.

ఊరు పార్టీలుగా చీలిన చోట వసారా ఇంకా జాగ్రత్తగా నడపాలి. ఫ్యాక్షన్ చల్లబడినా పంచాయతీ ఎన్నికలప్పుడు పాత గాయాలు రేగుతాయి. సంఘంలో రెండు వర్గాల కూలీలూ ఉంటారు. ఏ వర్గం జీపులో అయ్యగారి భార్య ఆసుపత్రికి పోయిందో, చర్చి ప్రహరీకి సిమెంటు ఎవరిచ్చారో ఊరంతా గమనిస్తుంది. నోటిఫికేషన్ వచ్చాక పోలింగు ముగిసే దాకా ఎవరి నుంచీ కట్టడపు కానుక తీసుకోకపోవడం, ఆసుపత్రికి 108నో షేర్ ఆటోనో పిలవడం పాత అయ్యగార్లు పాటించిన పద్ధతి. మాలపల్లె సంఘానికి మాదిగ అయ్యగారు, మాదిగపల్లె సంఘానికి మాల అయ్యగారు వచ్చినప్పుడు మొదటి ఆర్నెల్లు పరీక్ష ప్రసంగానికి కాదు, కంచానికి. ఎవరింట్లో తిన్నారు, ఎవరింట్లో టీ మాత్రమే తాగి లేచారు అన్నది లెక్కకు వస్తుంది. వరుసగా వీధి చివరి ఇంటి నుంచి మొదలుపెట్టి అందరిళ్ళలోనూ తినే కుటుంబానికి ఈ పరీక్ష త్వరగా ముగుస్తుంది.

అమ్మగారి దగ్గరికి వచ్చేవి ఎక్కువగా ఒంటి బాధలు, మొగుడికీ అత్తకూ చెప్పుకోలేనివి. అక్కడ ప్రార్థనా మందూ రెండూ ఉండాలి, ఒకటి రెండోదాన్ని ఆపకూడదు. రేగడి నెర్రెల్లో పాములు ఎక్కువ. కాటు పడితే ముందు పాస్టరు ఇంటికి తెచ్చే అలవాటు ఇంకా ఉంది. చేయవలసింది కాటుపడ్డ కాలిని కదలకుండా ఉంచి, బిగించి కట్టకుండా, కోయకుండా, వెంటనే 108కి ఫోన్ చేసి విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి పంపడం. ప్రార్థన బండిలో చేయవచ్చు. క్షయ మందులు ఆరు నెలలు మానకుండా వాడాలి. మూడో నెలలో దగ్గు తగ్గగానే ‘దేవుడు బాగుచేశాడు’ అని మానేసేవాళ్ళకు మాత్రలు ముగిసిన రోజునే సాక్ష్యం చెప్పమని గట్టిగా చెప్పవలసింది అమ్మగారే. ఆశా కార్యకర్తతో ఆమెకు స్నేహం ఉంటే ఈ పనులన్నీ తేలికవుతాయి.

ఆ స్నేహం ఇంకో అవసరం కూడా తీరుస్తుంది. పాస్టరు భార్యకు సంఘంలో ప్రాణస్నేహితురాలు ఉండటం కష్టం. ఒకరితో ఎక్కువ కూర్చుంటే మిగతావాళ్ళ రహస్యాలు ఆ ఇంటికి చేరుతున్నాయన్న అనుమానం పుడుతుంది. అయ్యగారు కూడా తనకు చెప్పుకున్న మాటలన్నీ ఇంట్లో చెప్పకూడదు. ఎవరో ఒకామె ఏడ్చి చెప్పిన సంగతి అమ్మగారి ముఖకవళికలోనే ఊరికి తెలిసిపోతుంది. ఇలా ఇద్దరూ ఇద్దరికీ చెప్పుకోలేని మాటల మధ్య బతకడం ఈ సంసారంలో అన్నిటికన్నా బరువైనది. దీన్ని విశ్వాసలోపమని కొట్టిపారేసే పెద్దలు పొరపాటు చేస్తున్నారు. పక్క పాస్టరేట్ అమ్మగారు, బడి టీచరమ్మ, అంగన్‌వాడీ ఆమె, ఇలా సంఘం బయట ఒక మనిషి ఉండాలి. నెలనెలా జరిగే పాస్టర్ల కూటానికి భార్యలను కూడా పిలిచి, వాళ్ళను వంట దగ్గర కాకుండా వేరే గదిలో కూర్చోబెట్టి మాట్లాడుకోనిచ్చే డయాసిస్ ఎంతో మేలు చేస్తుంది. సోమవారం సెలవు అన్నది ఊరికి తెలియాలంటే ఆదివారం ప్రకటనల్లో ప్రతివారం చెప్పాలి, ఉపదేశి ఫోన్ నంబరు ఇవ్వాలి. చావు తప్ప మరేదీ సోమవారం తలుపు తట్టకూడదని సంఘపెద్దలే అంటే నిలుస్తుంది, అయ్యగారు అంటే నిలవదు.

పిల్లలు, కాగితాలు, బదిలీ

అయ్యగారి పిల్లలకు రెండు బరువులు. మొదటిది ఊరి కళ్ళు. వాళ్ళు పాడాలి, వాక్యం అప్పజెప్పాలి, వీధిలో గోలీలాడకూడదు. రెండోది కాగితాలు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, ఆ తర్వాత చేర్చిన సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే. ఎస్సీ నుంచి క్రైస్తవులైనవారు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి, విద్యా ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఒక శాతం. మతం మారిన వ్యక్తి అట్రాసిటీ చట్టం రక్షణ కోరలేడని 2025లో రాష్ట్ర హైకోర్టు చెప్పింది కూడా ఒక పాస్టరు పెట్టిన కేసులోనే. సంఘంలో చాలా కుటుంబాల కాగితాలు ఒక రకంగా, బతుకు ఇంకో రకంగా ఉండవచ్చు. పాస్టరు ఇంటికి ఆ అవకాశం లేదు, తండ్రి వృత్తే సాక్ష్యం. కాబట్టి పిల్లల సర్టిఫికెట్టు బీసీ-సిగా పదో తరగతికి ముందే తీయించి పెట్టుకోవడం నిజాయితీ, రక్షణ కూడా. ఆరు నుంచి ఇంటర్ దాకా ప్రతి బడి నుంచీ స్టడీ సర్టిఫికెట్టు ఆ బడి వదిలే రోజునే తీసుకోవాలి. ఐదేళ్ళ తర్వాత కౌన్సెలింగుకు కావాలని మూడు జిల్లాలు తిరిగే తిప్పలు పాస్టరు పిల్లలకే ఎక్కువ, ఎందుకంటే వాళ్ళు మారినన్ని బళ్ళు ఇంకెవరూ మారరు.

బదిలీ ఏప్రిల్ చివర, పరీక్షలు అయ్యాక వస్తే పిల్లలు జూన్‌లో కొత్త బళ్ళో కూర్చుంటారు. ఆగస్టులో వస్తే ఆ ఏడాది సగం పోతుంది, లేదా తల్లీ పిల్లలు పాత ఊళ్ళో, తండ్రి కొత్త ఊళ్ళో ఉండి రెండు పొయ్యిలు వెలగాలి. పాత ఊళ్ళో పాస్టరు ఇల్లు వచ్చే అయ్యగారికి ఖాళీ చేయాలి కనుక అదీ కుదరదు. పదో తరగతి, ఇంటర్ రెండో ఏడాది పిల్లలున్న కుటుంబాన్ని ఆ ఏడు కదపకూడదన్న నియమం రాసిపెట్టుకున్న డయాసిస్‌లో ఫిర్యాదులు తగ్గుతాయి.

అన్నిటికన్నా పెద్ద గీత ఇంటి కప్పు. ముప్పై ఏళ్ళు చర్చి ఇళ్ళలో బతికిన కుటుంబానికి రిటైరైన రోజున సొంత కప్పు ఉండదు. అయ్యగారు సేవలో ఉండగా పోతే, అమ్మగారు భర్తనే కాక ఇల్లు, ఊరు, పని, పేరు ఒకేసారి పోగొట్టుకుంటుంది. నిన్నటి దాకా ఆమెను అమ్మగారూ అని పిలిచిన ఊరే, కొత్త అయ్యగారు ఎప్పుడొస్తారని అడగడం మొదలుపెడుతుంది. తప్పు ఊరిది కాదు, ఊరికి బల్ల ఇచ్చే మనిషి కావాలి. చేరిన అయిదేళ్ళ లోపే పాత తాలూకా కేంద్రం అంచున మూడు సెంట్ల స్థలం భార్యాభర్తలిద్దరి పేరట కొనడం, ప్రావిడెంట్ ఫండ్ నామినీ కాగితంలో ఆమె పేరు ఉందో లేదో పెళ్ళయిన నెలలోనే చూసుకోవడం, భర్త పేరుతో జమైన ప్రతి పొదుపుకూ ఆమెకు సంతకాధికారం ఉండటం తప్పనిసరి. విశ్వాసంతో పోతున్నాం కదా అని ఇవి వాయిదా వేసిన ఇళ్ళలో మూల్యం చెల్లించేది ఎప్పుడూ ఆమే.

బదిలీ రోజున అయ్యగారు కొత్త అయ్యగారికి అప్పగించేవి కమిటీ సమక్షంలో సంతకాలతో జరుగుతాయి: రిజిస్టర్లు, బల్ల గిన్నెలు, చర్చి తాళాలు, మైకు సెట్టు. అమ్మగారు కొత్త అమ్మగారికి అప్పగించే వాటికి పట్టిక లేదు, సంతకం లేదు. లారీ ఎక్కే ముందు వంటింటి గడప దగ్గర నిలబడి ఆమె నోటితో చెప్పేవి అవి. కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు, తెల్లారి నాలుగున్నరకు వస్తాయి, తొట్టి మూత జారుతుంది. పిడికెడు బియ్యం ఈ ఊళ్ళో చర్చివే, ఇంట్లో దించుకోవద్దు. చివరి వీధిలో మంచం పట్టిన అవ్వకు బుధవారం గంజి పోయాలి, ఉప్పు వేయకూడదు, బీపీ. బావి పక్క ఇంటి పిల్ల రాత్రిపూట వస్తే ఏమీ అడగకుండా లోపలికి రానివ్వాలి. వాన వచ్చే ముందు మిద్దె మీద ఈశాన్యం మూల చూసుకోవాలి, అక్కడే కారుతుంది.